మన నోట నానే గ్రీకు మాటలు

కాగజ్‌నగర్ అనే పేరును విడదీసి అర్థం చెప్పమంటే ఆదిలాబాద్ ప్రాంతంలో చిన్న పిల్లవాడైనా చెబుతాడు. కాగజ్ అంటే కాగితం, నగర్ అంటే ఊరు. కాగితం మిల్లు వచ్చింది గనుక ఊరికి ఆ పేరు వచ్చింది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, నిజామాబాద్ అన్నప్పుడు చివరనున్న 'ఆబాద్' జనం స్థిరపడిన చోటును చెబుతుందని ఫారసీ ముక్క చదవనివారికీ తెలుసు. బెల్లంపల్లిలో పల్లిని, లక్షెట్టిపేటలో పేటను, మందమర్రిలో మర్రిని ఎవరూ నేర్పకుండానే గుర్తుపడతాం. కొత్త ఊరి పేరు విన్నా సగం అర్థం ముందే చేతికి వచ్చేస్తుంది.

అదే పిల్లవాడు ఇంగ్లిషు పుస్తకం తెరిచేసరికి ఈ తెలివంతా పక్కన పెట్టేస్తాడు. 'బిబ్లియోగ్రఫీ' అనే మాట ఎదురైతే దాన్ని ఒకే రాయిలా మోస్తాడు. పదిసార్లు చూడకుండా రాసి, పరీక్ష అయ్యాక మరచిపోతాడు. ఆ మాటలో సగం, అంటే 'బిబ్లియో' అనే ముక్క, తాను ప్రతి ఆదివారం చంకన పెట్టుకుని చర్చికి తీసుకువెళ్లే గ్రంథం పేరేనని అతనికి ఎవరూ చెప్పరు.

నైలు నది ఒడ్డున పెరిగే ఒక రకం జమ్మును గ్రీకులు 'బిబ్లొస్' అనీ 'పాపిరొస్' అనీ పిలిచారు. దాని కాండాన్ని పొరలుగా చీల్చి, అడ్డంగా నిలువుగా పరిచి, అదిమి ఎండబెడితే రాసుకోవడానికి పనికివచ్చేది. పసివాడైన మోషేను ఉంచి నదిలో విడిచిన జమ్ముపెట్టె ఈ మొక్కతో చేసిందేనని పండితుల అభిప్రాయం (నిర్గమ 2:3). 'బిబ్లొస్' నుంచి పుస్తకాలు అనే అర్థంలో 'బిబ్లియా' వచ్చింది, అదే మన బైబిలు. 'పాపిరొస్' నుంచి ఇంగ్లిషు 'పేపర్' వచ్చింది. అంటే కాగజ్‌నగర్‌లో తయారయ్యే సరుకు పేరూ, ఆ ఊరి చర్చిలో చదివే గ్రంథం పేరూ ఒకే మొక్కకు పుట్టిన తోబుట్టువులు. సిర్పూరు కాగితం మిల్లు 1938లో ఏర్పడింది. 2014లో ఆగిపోయి, 2018లో జేకే పేపర్ సంస్థ తీసుకున్నాక మళ్లీ తెరుచుకుంది. మిల్లు మూతపడ్డ ఆ నాలుగేళ్లూ ఆ ఊరి విశ్వాసుల ప్రార్థన విన్నపాల్లో మిల్లు మాట లేని ఆదివారం ఉండి ఉండదు.

పౌలు చెరసాల నుంచి తిమోతికి రాస్తూ, వచ్చేటప్పుడు తన పుస్తకాలను, మరీ ముఖ్యంగా చర్మపు కాగితాలను తెమ్మంటాడు (2 తిమోతి 4:13). అక్కడ పుస్తకాలకు వాడిన మాట 'బిబ్లియా', చర్మపు కాగితాలకు వాడినది 'మెంబ్రానా'. రెండోది నిజానికి లాటిన్ మాట. మన పిల్లలు జీవశాస్త్రంలో చదివే 'సెల్ మెంబ్రేన్' అదే. కణం చుట్టూ ఉండే పలుచని పొర అని చెప్పగానే, పౌలు అడిగిన పలుచని తోలు గుర్తుకు వస్తే ఆ మాట ఇక మరచిపోయేది కాదు.

గ్రీకు, లాటిన్ అనగానే మనకేదో దూరపు సంగతి అనిపిస్తుంది. కాని సిలువ మీద పిలాతు పెట్టించిన పలక మూడు భాషల్లో ఉందని యోహాను ప్రత్యేకంగా చెప్పాడు: హెబ్రీ, గ్రీకు, రోమా (యోహాను 19:20). మన రైల్వే స్టేషన్ల బోర్డుల మీద ఒకే పేరు రెండు మూడు లిపుల్లో ఉన్నట్టే. ఒకటి ఆ నేల ప్రజలకు, ఒకటి దేశదేశాల నుంచి వచ్చేవారికి, ఒకటి పాలకులకు. ఆ రోమా భాషే లాటిన్. ఆ పలకమీది మూడు భాషల్లో రెండు, ఈనాడు ఇంగ్లిషు పెద్ద మాటల్లో చాలావాటికి పుట్టిళ్లు.

ఇది ఎలా జరిగిందో క్లుప్తంగా చెప్పుకుందాం. ఇంగ్లిషువారి సొంత మాటలు ఇంటివి, పొలానివి, వంటింటివి. హౌస్, ఫాదర్, బ్రెడ్, వాటర్, హార్ట్ వంటివి. సంఘం ద్వారా లాటిన్ వచ్చింది. 1066లో నార్మన్లు గెలిచాక, లాటిన్‌కు బిడ్డ అయిన ఫ్రెంచి కోర్టుల్లో, కచేరీల్లో కూర్చుంది. తరువాత శాస్త్రవేత్తలు కొత్త వస్తువు కనిపెట్టినప్పుడల్లా గ్రీకు ముక్కలు రెండు అతికి పేరు పెట్టారు. మనం మాత్రం వేరేమి చేశాం? ఇంట్లో కన్ను అంటాం, ఆసుపత్రి బోర్డుమీద నేత్ర వైద్యశాల అని రాస్తాం. నీళ్లు తాగుతాం, జలమండలికి బిల్లు కడతాం. తెలుగుకు సంస్కృతం ఎలాగో ఇంగ్లిషుకు గ్రీకు లాటిన్‌లు దాదాపు అలాగే.

ఈ మాటలన్నీ ఈ కాలమ్‌లో ఎందుకంటే, ఇది మన సంఘాల పిల్లలకు అవసరమైన సంగతి గనుక. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 విద్యా సంవత్సరం నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిషు మీడియం మొదలైంది. 2016లో నాలుగు జిల్లాలుగా విడిపోయిన పాత ఆదిలాబాద్‌లో ఇంట గోండీ, కొలామీ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాట్లాడే పిల్లలున్నారు. వారికి తెలుగే రెండో భాష, ఇంగ్లిషు మూడోదో నాలుగోదో. ట్యూషన్ పెట్టించే స్తోమత చాలా ఇళ్లలో లేదు. కాని ఆదివార బడికి వచ్చే పిల్లవాడి నోట ఇరవై ముప్పై గ్రీకు మాటలు అప్పటికే నానుతున్నాయి. అవి గ్రీకు అని అతనికి తెలియదు, అంతే.

చర్చి గేటు దగ్గర నిలబడి బోర్డు చదువుదాం. మన ప్రాంతంలో చాలాచోట్ల 'సీఎస్‌ఐ, కరీంనగర్ డయాసిస్' అని ఉంటుంది. 'డయాసిస్' మూలం గ్రీకు 'డియోయికేసిస్', అంటే ఇంటి నిర్వహణ. అందులోని 'ఒయికొస్' అంటే ఇల్లు. అదే 'ఇకానమీ'లోను 'ఇకాలజీ'లోను ఉంది. మొదటిది ఇంటి పద్దు చూసుకోవడం, రెండోది జీవులు నివసించే ఇంటిని గురించిన చదువు. డిగ్రీలో ఎకనమిక్స్ తీసుకున్న అమ్మాయి డయాసిస్ బోర్డు చూసి నవ్వుకోవచ్చు.

ఆ డయాసిస్‌కు పెద్ద బిషప్. ఈ మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మా దృష్టిలో ఇది తెలుగు బైబిలు మనకిచ్చిన ముత్యాల్లో ఒకటి. బిషప్ అనే ఇంగ్లిషు మాట అరిగి అరిగి అలా అయింది గాని దాని అసలు రూపం 'ఎపిస్కొపొస్'. 'ఎపి' అంటే పైన, 'స్కొపొస్' అంటే చూసేవాడు. పైనుండి కనిపెట్టి చూసేవాడు. ఇక చూడండి: టెలిస్కోప్ దూరాన్ని చూసేది, మైక్రోస్కోప్ చిన్నదాన్ని చూసేది, ఎండోస్కోపీ లోపల చూడటం, స్టెతస్కోప్ రొమ్మును పరీక్షించేది (అది చెవికి పెట్టుకునేదే అయినా పేరులో చూపు మిగిలింది). లాటిన్‌వారు ఇదే భావానికి 'సూపర్' అనే పైని, 'విదేరే' అనే చూడటాన్ని కలిపారు. సింగరేణి గనుల్లో అందరికీ తెలిసిన సూపర్‌వైజర్ అలా పుట్టాడు. మరి తెలుగు అనువాదకులు ఎపిస్కొపొస్‌కు ఏ మాట పెట్టారు? 'అధ్యక్షుడు' (అపొ. కార్య. 20:28). అధి అంటే పైన, అక్షం అంటే కన్ను. పైన కన్ను ఉన్నవాడు. ముక్కకు ముక్క సరిపోయింది. ఇప్పుడు అధ్యక్షుడంటే మనకు కుర్చీ, మైకు, దండ గుర్తుకు వస్తాయి. మాటలో ఉన్నది మాత్రం కన్ను.

'ప్రెస్బిటర్' అంటే వయసులో పెద్ద. తెలుగు బైబిలులో 'పెద్దలు' అన్నది ఈ మాటకే. ఇదే అరిగిపోయి ఇంగ్లిషులో 'ప్రీస్ట్' అయింది. నలభై దాటాక వాక్యం చదివేటప్పుడు బైబిలును చేయి చాచి దూరంగా పట్టుకుంటామే, ఆ చూపు లోపానికి కళ్ల డాక్టర్లు 'ప్రెస్బయోపియా' అని పేరు పెట్టారు. పెద్దల చూపు అన్నమాట. తెలుగువారు దానికి నలభై సంఖ్య మీదుగా 'చత్వారం' అన్నారు. సంఘ పెద్దల కమిటీలో కళ్లజోడు లేనివారు ఎందరని లెక్కపెట్టడం మా ఉద్దేశం కాదు.

మన ప్రాంతంలో పాత తరంవారు తమను 'వెస్లియన్'లమని చెప్పుకునేవారు. ఉత్తర తెలంగాణలో ఎక్కువగా పనిచేసింది వెస్లియన్ మెథడిస్టు మిషను. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు అది ఆ ఐక్యతలో కలిసింది. 'మెథడిస్టు' అనేది జాన్ వెస్లీ, ఆయన మిత్రులు ఆక్స్‌ఫర్డ్‌లో క్రమం తప్పక ప్రార్థన, ఉపవాసం, పరామర్శ చేస్తుంటే తోటివారు ఎగతాళిగా పెట్టిన పేరు. మెథడ్ అంటే పద్ధతి. దాని లోపల ఉన్న 'హొదొస్' అంటే దారి. ఈ 'హొదొస్' ముక్క దొరికితే మూడు తలుపులు తెరుచుకుంటాయి. మెథడ్ అంటే దారి వెంట పోవడం. సినడ్ అంటే దారి కలిసి నడవడం. ఎక్సోడస్ అంటే దారిపట్టి వెలుపలికి రావడం. ఈ చివరిదానికి మనవారు పెట్టిన 'నిర్గమము' కూడా అదే అల్లిక: నిర్ అంటే వెలుపలికి, గమం అంటే పోవడం.

పాస్టర్ అనేది లాటిన్ మాట, కాపరి అని అర్థం. 'పాశ్చర్' అంటే మేత బీడు దానికి చుట్టం. గొల్ల కుటుంబం నుంచి వచ్చిన పిల్లవాడికి ఇది చెప్పి చూడండి, జన్మలో మరవడు. మిషన్ మూలం లాటిన్ 'మిత్తెరే', పంపడం. అడ్మిషన్ అంటే లోపలికి పంపడం, పర్మిషన్ అంటే పోనివ్వడం, ట్రాన్స్‌మిషన్ అంటే అవతలికి పంపడం. గ్రీకులో పంపబడినవాడు 'అపొస్తొలొస్', మన అపొస్తలుడు. మిషన్ స్కూలు, బడి అడ్మిషన్, అపొస్తలుల కార్యములు మూడింట్లోనూ ఎవరో ఎవరినో పంపుతున్నారు.

తెలుగు బైబిలులో కొన్ని మాటలు గ్రీకుగానే ఉండిపోయి, కొన్ని తెలుగైపోవడం యాదృచ్ఛికం కాదు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ దగ్గర నుంచి ప్రతి తరం అనువాదకులూ ఈ చిక్కును ఎదుర్కొన్నారు. ఆనందరాయర్ అనే తెలుగు క్రైస్తవుడి తోడ్పాటుతో మొదలైన ఆ పనిలో మొదటి సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అప్పటికి డెస్ గ్రాంజెస్, క్రాన్ ఇద్దరూ చనిపోయారు. బాప్తిస్మము, పెంతెకొస్తు, అపొస్తలుడు, క్రీస్తు అలాగే ఉండిపోయాయి. 'యువాంగెలియొన్' మాత్రం సువార్త అయింది. 'యు' అంటే మంచి, మన 'సు'. ఈ 'యు'ను గుర్తుపెట్టుకుంటే నీలగిరి చెట్టు శాస్త్రీయ నామం యూకలిప్టస్ కూడా విడిపోతుంది: 'యు' అంటే బాగా, 'కలిప్తొస్' అంటే కప్పినది. దాని మొగ్గను చూస్తే పైన చిన్న మూత కనిపిస్తుంది, పువ్వు విచ్చుకునేటప్పుడు ఆ మూత ఊడిపడుతుంది. అదే కప్పును తీసివేస్తే 'అపొకలిప్సిస్', అంటే ముసుగు తొలగించడం. మన ప్రకటన గ్రంథం పేరు అది. లోకాంతం, వినాశనం అనే అర్థం తరువాత అంటుకున్నది.

ఇంగ్లిషు పోగొట్టుకున్నదాన్ని తెలుగు నిలుపుకున్న సందర్భం కూడా ఒకటుంది. 'హిపోక్రిట్' అంటే ఇంగ్లిషువాడికి ఇప్పుడు ఉత్త కపటి. గ్రీకులో 'హుపొక్రితేస్' అంటే రంగస్థలం మీద నటుడు. మన అనువాదకులు దానికి 'వేషధారి' అన్నారు. రాత్రంతా యక్షగానం చూసిన తెలంగాణ పల్లెవాడికి ఆ మాటలో రంగూ కిరీటమూ కనిపిస్తాయి. యేసుప్రభువు విన్నవారికీ కనిపించింది అదే.

ఇప్పుడు ఆసుపత్రికి వెళదాం. నర్సింగు మన సంఘాల అమ్మాయిలు తరతరాలుగా ఎంచుకున్న వృత్తి. మొదటి సంవత్సరంలో వారిని ఏడిపించేది సూది కాదు, పుస్తకంలోని మాటలు. ఆ మాటల్లో ఎన్నో క్రొత్త నిబంధనలో ఉన్నాయి. పౌలు లూకాను ప్రియమైన వైద్యుడిగా పేర్కొన్నచోట (కొలొస్స 4:14) వైద్యుడికి ఉన్న మాట 'ఇయాత్రొస్'. పిల్లల వార్డు పీడియాట్రిక్స్, మానసిక వైద్యం సైకియాట్రీ, రెండింట్లోనూ లూకా వృత్తి ఉంది. కన్ను దేహానికి దీపమని ప్రభువు చెప్పినచోట కంటికి 'ఒఫ్తాల్మొస్', కళ్ల విభాగం ఆఫ్తాల్మాలజీ. హృదయశుద్ధి గలవారిని ధన్యులన్నచోట హృదయానికి 'కార్దియా', గుండె విభాగం కార్డియాలజీ. కపెర్నహూములో నలుగురు మోసుకువచ్చి ఇంటి కప్పు విప్పి దించిన రోగిని మార్కు 'పరలుతికొస్' అన్నాడు. మన పల్లెల్లో 'పెరాలసిస్ వచ్చింది' అంటున్నది ఆ గ్రీకు మాటనే. పక్క జిల్లా డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ స్థాపించిన కుష్ఠు ఆసుపత్రి మన పాత తరానికి బాగా తెలుసు. లెప్రసీ మూలం 'లెప్రా', పొలుసులుగా ఊడే చర్మం. ఆ రోజుల్లో ఆ మాటను చాలా రకాల చర్మరోగాలకు వాడేవారు గనుక, సువార్తల్లోని ప్రతి కుష్ఠరోగికీ ఈనాటి లెప్రసీ ఉందని అనుకోనక్కరలేదు.

పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ సంగతి (మార్కు 5:25) చెప్పకుండా వదలలేం. రక్తానికి గ్రీకు 'హైమా': హీమోగ్లోబిన్, హెమరేజ్, రక్తం తక్కువైన అనీమియా. స్రావానికి అక్కడ ఉన్న మాట పారడాన్ని చెప్పే ధాతువు నుంచి వచ్చింది, విరేచనాలకు డాక్టర్లు రాసే డయేరియాలో ఉన్నదీ అదే. ఆమె ఎందరో వైద్యుల చేతుల్లో ఎన్నో తిప్పలు పడి ఉన్నదంతా ఖర్చు చేసుకుందని మార్కు దాచకుండా రాశాడు. ఈనాడు ఆ మాట చదివితే మాకు మన ఊళ్ల స్త్రీలు గుర్తుకు వస్తారు. దేశంలో గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయని 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది.

ఒక బుధవారం స్త్రీల కూడిక అయ్యాక ఒక సహోదరి ఆసుపత్రి చీటీ తెచ్చి చూపింది. గర్భసంచి కడుగుతారట, సోమవారం రమ్మన్నారట, ప్రార్థన చేయమని అడిగింది. చీటీ మీద ఇంగ్లిషులో 'హిస్టరెక్టమీ' అని ఉంది. పక్కనే ఇంటర్ చదివే అమ్మాయి కూర్చుని ఉంది. ఆదివార బడిలో ఆ నెలలోనే 'ఎక్' అంటే వెలుపలికి, 'తొమే' అంటే కోత అని చెప్పుకున్నాం.

"అక్కా, ఇది కడుగుడు కాదు. ఎక్టమీ అంటే కోసి బయటికి తీసుడు."

"ఏం తీస్తరు బిడ్డా?"

"గర్భసంచి మొత్తం."

ఆమెకు ముప్పై మూడేళ్లు. ఆమె భర్తను వెంటబెట్టుకుని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లింది. అక్కడ ఏం చెప్పారన్నది ఆమె సొంత విషయం. ఆపరేషన్ అవసరమా కాదా అన్నది డాక్టర్లు తేల్చాల్సిందే, ఆదివార బడి కాదు. కాని దేనికి సంతకం పెడుతున్నామో తెలిసి పెట్టడం వేరు. మూడు తోకలు గుర్తుంటే చాలు: 'ఎక్టమీ' అంటే తీసివేయడం, 'ఒటమీ' అంటే కోయడం, 'ఐటిస్' అంటే వాపు. అపెండిసైటిస్ జబ్బు పేరు, అపెండిసెక్టమీ ఆపరేషన్ పేరు.

తెలుగు పిల్లలకు ఇంకో సౌకర్యం ఉంది. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉంటాయని 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ చెప్పారు. తెలుగు, గోండీ, కొలామీ ఆ కుటుంబానివి కావు, ద్రావిడ భాషలు. అయినా తెలుగు సంస్కృతం నుంచి అప్పు తెచ్చుకున్న మాటలు మన చేతిలో ఉన్నాయి. అస్థికి గ్రీకు 'ఒస్తెయొన్', అందుకే ఎముకలు గుల్లబారడం ఆస్టియోపొరోసిస్. దంతానికి లాటిన్ 'దెంత్', డెంటిస్ట్. పాదానికి లాటిన్ 'పెద్', సైకిల్ పెడల్. నామానికి లాటిన్ 'నొమెన్', నామినేషన్. పంచకు గ్రీకు 'పెంతె': పెంతెకొస్తు అంటే యాభయ్యవ దినం. ఆశా కార్యకర్త పసిపిల్లలకు ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేయించే పెంటావలెంట్ టీకా అయిదు జబ్బులకు ఒకే సూది. పెంతెకొస్తు పండుగ చేసుకునే తల్లికి 'పెంటా' అంటే ఏమిటో కార్డు చూసి చెప్పడం కష్టమా?

అయితే పోలికంతా బంధుత్వం కాదు. లాటిన్ 'దెయుస్', సంస్కృత 'దేవ' చుట్టాలు. గ్రీకు 'థెయొస్' చూడటానికి అలాగే ఉన్నా ఆ ఇంటిది కాదు.

ప్రసంగ వేదిక మీద ఈ జాగ్రత్త మరీ అవసరం. సువార్త దేవుని శక్తి అని పౌలు రోమీయులకు రాసినచోట (1:16) గ్రీకు మాట 'దునమిస్'. డైనమో, డైనమిక్, డైనమైట్ దాని నుంచి వచ్చాయి. అందుకని సువార్త డైనమైట్ లాంటిదని చెప్పే ప్రసంగాలు బొగ్గుబావుల ప్రాంతంలో బాగా పండుతాయి. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ ఆ మందుకు ఆ పేరు పెట్టింది 1867లో. పౌలుకు పద్దెనిమిది వందల ఏళ్ల తరువాత పుట్టిన వస్తువు పౌలు మనసులో ఎలా ఉంటుంది? గనిలో షాట్‌ఫైరర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఇలాంటి ప్రసంగం విని వచ్చి మాతో అన్నమాట: "మందు పేలిస్తె బొగ్గు పలుగుతది అయ్యగారూ, మనిషి బాగుపడుడు యాడ చూడలే." పాఠాన్ని ఆయన మనకంటే సరిగా చదివాడు.

'ఎక్లేసియా' సంగతీ అంతే. 'ఎక్' అంటే వెలుపలికి, 'కలెయో' అంటే పిలవడం, కాబట్టి సంఘమంటే లోకం నుంచి వెలుపలికి పిలవబడినవారు అంటాం. బోధ మంచిదే. కాని ఎఫెసు నాటకశాలలో తామెందుకు గుమికూడారో తమకే తెలియక కేకలు వేసిన గుంపును కూడా లూకా ఎక్లేసియా అనే రాశాడు (అపొ. కార్య. 19:32). ఆనాటి వాడుకలో దాని అర్థం సభ. 'సిన్సియర్' అంటే మైనం పూయని విగ్రహమనే కథ ఇంకా బలహీనం. ఆ లాటిన్ మాటకు కల్తీలేనిది అని అర్థం, మైనం కథను భాషా పండితులు ఒప్పుకోరు. వేరు మాటకు దారి చూపుతుంది. ఆ మాట అక్కడ ఏ అర్థంలో ఉందో చుట్టూ ఉన్న వాక్యమే చెప్పాలి.

ఆదివార బడి పెద్ద తరగతికి ఒక నోటుపుస్తకం, వారానికి ఒక వేరు చాలు. ఎడమ పేజీలో బైబిలు వచనం రిఫరెన్సు, అందులోని తెలుగు మాట, గ్రీకు రూపం తెలుగు లిపిలో. కుడి పేజీలో వారమంతా పిల్లలు బడిలో, ఆసుపత్రిలో, మందుల షాపులో, రైల్వే స్టేషన్‌లో పట్టుకున్న ఇంగ్లిషు మాటలు. గ్రీకు లిపి నేర్పనక్కరలేదు. గోండీ పిల్లలుంటే ఆ భావానికి గోండీ మాట కూడా రాయించండి, ఆ గడిలో టీచరుకే పాఠం దొరుకుతుంది.

బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్ పిల్లలకైతే మొదటి వారానికి మా సలహా 'ఆంత్రక్స్'. గ్రీకులో బొగ్గు. బొగ్గుల్లో గట్టి రకం ఆంత్రసైట్ దాని నుంచే వచ్చింది. పశువులకు వచ్చే ఆంత్రాక్స్ రోగం మనిషికి సోకితే చర్మంమీద బొగ్గులా నల్లని మచ్చ పడుతుంది గనుక ఆ పేరు. బొగ్గుల మంటకు గ్రీకు 'ఆంత్రకియా'. క్రొత్త నిబంధన మొత్తంలో ఈ మాట రెండేసార్లు వస్తుంది, రెండూ యోహాను సువార్తలోనే. మన తెలుగు బైబిలులో ఒకచోట మంట అనీ, మరోచోట నిప్పులు అనీ ఉండటం వల్ల కంటికి ఆనదు. మొదటిది ప్రధానయాజకుని ఇంటి ముంగిట, చలి రాత్రి, పేతురు చలి కాచుకుంటూ తాను ఆయన శిష్యుణ్ని కానన్నప్పుడు (18:18). రెండోది తిబెరియ సముద్రపు ఒడ్డున తెల్లవారుజామున, చేపలు కాలుతున్నప్పుడు (21:9). ఆ నిప్పులు రాజేసి ఉంచింది ప్రభువు.